కారు రంగును కాపాడుకుందాం – అమ్మకపు ధర నిలుపుకుందాం

(పెన్షనర్ల దినోత్సవం సందర్భంగా ఆసిఫాబాద్‌లో జరిగిన సభ్యుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



డిసెంబర్ 17 అనగానే 1982లో నకారా కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు మనకు గుర్తుకు వస్తుంది. దాని గురించీ, డి.ఆర్. బకాయిల గురించీ, మెడికల్ రీయింబర్స్‌మెంట్ గురించీ నాకంటే బాగా తెలిసిన పెద్దలు ఇప్పటికే మాట్లాడారు. కార్యదర్శి గారు నాకు అప్పగించిన విషయం మాత్రం కారు రంగు. మొన్న కరపత్రం చూసి ఒక మిత్రుడు ఫోను చేసి, "ఏందన్నా, పెన్షనర్ల మీటింగుల పెయింటర్ల ముచ్చట పెట్టిండ్రు?" అని అడిగారు. ఆయన ఇక్కడే ఉన్నారు. నవ్వుతున్నారు కూడా. ఆయన కారు చింతచెట్టు కింద ఉంటుంది. అందుచేత ఈ ప్రసంగం ముఖ్యంగా ఆయన కోసమే అనుకోవచ్చు.

రిటైరయిన నాడు చేతికి వచ్చిన గ్రాట్యుటీ, కమ్యుటేషన్ సొమ్ముతో మనలో చాలామంది చేసిన పనులు మూడే. పిల్ల పెళ్లి చేశాం, ఇంటి మీద ఒక అంతస్తు వేశాం, ఒక కారు కొన్నాం. మొదటి రెండూ అమ్ముకునేవి కావు. మూడోది మాత్రం ఏదో ఒకనాడు అమ్మక తప్పదు. కంట్లో శుక్లం వస్తుంది, మోకాలు క్లచ్ తొక్కనంటుంది, హైదరాబాదు నుంచి కొడుకు "బాపూ, ఇగ మీరు నడపకుండ్రి" అంటాడు. ఆనాడు ఆ కారు ఎంతకు పోతుందనేది మన చేతిలో లేని సంగతి అనుకుంటాం. సగం మన చేతిలో లేని మాట నిజమే. తరుగుదల ఎవరూ ఆపలేరు. ఇన్సూరెన్సు వాళ్లు బండి విలువ కట్టే పట్టిక చూడండి. ఆరు నెలలు దాటితే 15 శాతం, ఏడాది దాటితే 20, రెండేళ్లు దాటితే 30, మూడేళ్లు దాటితే 40, నాలుగేళ్లు దాటితే 50 శాతం తీసివేస్తారు. అయిదేళ్లు నిండాక ఇక పట్టికే లేదు. కంపెనీ, మనం ఒప్పుకున్నదే విలువ. అంటే అయిదేళ్ల తర్వాత బండి ధరను కట్టేది కొనేవాని కన్ను. ఆ కన్ను మొదట పడేది ఇంజను మీద కాదు, రంగు మీద.

నేను ఈ విషయంలో నిపుణుడిని కాను. నష్టపోయినవాణ్ని. ఆ సంగతి తర్వాత చెబుతాను.

ముందుగా ఈ రంగు అంటే ఏమిటో కొంచెం తెలుసుకుందాం. గోడకు మనం లప్పం పెట్టి, ప్రైమర్ కొట్టి, ఆపైన రంగు వేసినట్టే కారుకు కూడా పొరలున్నాయి. ఇనుప రేకును ఫాస్ఫేటు ద్రావణంలో కడుగుతారు. తర్వాత మొత్తం బాడీని ప్రైమర్ తొట్టిలో ముంచి కరెంటు పంపిస్తారు. దానివల్ల మూలమూలలకూ పూత అంటుకుంటుంది. తుప్పును ఆపేది ముఖ్యంగా ఈ పొరే. దాని మీద నునుపు చేసే మరొక ప్రైమర్, ఆపైన మనకు కనిపించే రంగు, అన్నిటికంటే పైన రంగులేని గాజువంటి పూత. దీన్ని క్లియర్ కోట్ అంటారు. మెరుపంతా దానిదే. ఇన్ని పొరలూ కలిపితే మందం సుమారు 100 నుంచి 120 మైక్రాన్లు. మైక్రాను అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. అర్థమయ్యేట్టు చెప్పాలంటే, మనం ముప్పయ్యేళ్లు ఆఫీసులో నోట్ రాసిన తెల్ల కాగితం ఉందే, దాని మందం దాదాపు అంత. కారు రంగు మొత్తం ఒక కాగితమంత మందం. అందులో పైనున్న క్లియర్ కోటు సుమారు 40 మైక్రాన్లు, తలవెంట్రుకంత కూడా ఉండదు. మనం గుడ్డ పట్టుకుని గీకినా, మెషిను పెట్టి పాలిష్ చేయించినా అరిగేది ఆ 40 మైక్రాన్లలోంచే. ఒక్కసారి గట్టిగా మెషిను పాలిష్ పట్టిస్తే రెండు మూడు మైక్రాన్లు పోవచ్చు. పోయింది తిరిగి రాదు.

మన కాలపు బండ్లు ఇలా ఉండేవి కావు. అంబాసిడరు, ప్రీమియర్ పద్మిని, తొలినాటి మారుతి 800 చాలావరకు ఒకే రంగు పూతవి. ఎండకు పైపొర సుద్దలాగా తెల్లబడేది. మన ఆఫీసు డ్రైవర్లు దసరాకు ముందు రబ్బింగ్ కాంపౌండు పెట్టి రుద్దితే పాత పొర గుడ్డకు అంటుకుని వచ్చి, కింద కొత్త రంగు బయటపడేది. ఆ అలవాటు మనలో చాలామందికి ఇంకా పోలేదు. ఈనాటి కార్లకు అది పనికిరాదు. మీ కారు ఏ రకమో తెలియాలంటే ఒక మూల పాలిష్ వేసి తెల్ల గుడ్డతో రుద్ది చూడండి. గుడ్డకు కారు రంగు అంటితే పాత పద్ధతి పూత. అంటకపోతే క్లియర్ కోటు ఉన్నట్టు. దాని మీద కాంపౌండు పెట్టవద్దు.

ఇక మన ప్రాంతం సంగతికి వద్దాం. కార్ల గురించి రాసే పుస్తకాలు ఎక్కువగా మంచు దేశాల వాళ్లవి. రోడ్ల మీద మంచు కరగడానికి వాళ్లు ఉప్పు చల్లుతారు గనుక తుప్పు గురించి పేజీలకు పేజీలు రాస్తారు. మనకు ఉప్పు బాధ లేదు. సముద్రం దూరం. విశాఖపట్నంలో ఉన్న కారు పట్టినంత త్వరగా మన కారుకు తుప్పు పట్టదు. మన శత్రువులు వేరు.

మొదటివాడు సూర్యుడు. మే నెలలో మన జిల్లాలో 45 డిగ్రీలు దాటిన రోజులు మీకు తెలియనివి కావు. అది నీడలో కొలిచిన వేడి. ఎండలో నిలిచిన నల్ల కారు బానెట్ 70 డిగ్రీలు కూడా దాటుతుంది. తెల్ల కారు అంత కాలదు. వేడి ఒక్కటే కాదు, ఎండలోని అతినీలలోహిత కిరణాలు పూతలోని బంధాలను తెంచుతాయి. అందుకే ముందుగా వెలిసేవి పైకప్పు, బానెట్, డిక్కీ మూత. తలుపులు అంత త్వరగా వెలవవు. చలికాలం వస్తే తిర్యాణి మండలం గిన్నెధరి వైపు రాత్రి చలి ఎంతకు దిగుతుందో పేపర్లలో చదువుతూనే ఉంటాం. పగలు సాగి రాత్రి ముడుచుకునే రేకు మీద పూత కూడా సాగి ముడుచుకుంటూ ఉండాలి. చెప్పానుగదా, కాగితమంత మందం.

ఎండ తప్పించుకుందామని చెట్టు కింద పెడతాం. అక్కడ రెండో శత్రువు ఉంటాడు. కాకి, పావురం, గోరింక. పక్షి రెట్టలోని తెల్లటి భాగంలో యూరిక్ ఆమ్లం ఉంటుంది. వేడికి మెత్తబడి సాగిన పూత చల్లారేటప్పుడు ఆ ఎండిన రెట్ట చుట్టూ బిగుసుకుంటుంది. దాని ఆకారం అచ్చు పడిపోతుంది. పొద్దున పడ్డది సాయంత్రం దాకా ఉంచితే చాలు, కడిగినా మచ్చ పోదు. చాలామంది చేసే పొరపాటు ఏమంటే చూసిన వెంటనే జేబురుమాలుతో తుడిచేస్తారు. పక్షి కడుపులో ఇసుక, గింజల తునకలు కూడా ఉంటాయి. తుడవడం అంటే గరుకు కాగితంతో గీయడమే. తడి గుడ్డను దాని మీద రెండు నిమిషాలు ఉంచండి. నానిన తర్వాత ఎత్తి తీయండి, రుద్దవద్దు. నా డిక్కీలో ఒక నీళ్ల సీసా, రెండు మెత్తటి గుడ్డలు ఎప్పుడూ ఉంటాయి. మా ఇంట్లో వాళ్లు దాన్ని కాకి సందుక అంటారు.

చెట్లలో కూడా తేడాలున్నాయి. వేపచెట్టు బంక కారుతుంది. చింతచెట్టు ఆకు సన్నగా రాలి అద్దం కింది సందుల్లో చేరి, వానకు కుళ్లి, నీళ్లు పోయే రంధ్రాలను మూసేస్తుంది. మార్చి, ఏప్రిల్ నెలల్లో ఇప్పచెట్టు కింద తెల్లవారుజామున కారు పెట్టినవారికి నేను చెప్పనక్కర లేదు. ఇప్పపూవు నిండా చక్కెరే. అది నలిగి, ఎండకు కాగి, పాకంలాగా పట్టుకుంటుంది. చీమలు అదనం. టేకు సంగతి ఇంకొకటి. మన జిల్లా టేకుకు పేరు పొందింది. లేత టేకాకు అరచేతిలో నలిపి చూడండి, చేయి ఎర్రబడుతుంది. వానలో తడిసిన టేకాకులు తెల్ల కారు మీద రెండు రోజులు పడి ఉంటే ఆ మరక ఓ పట్టాన వదలదు. చెట్టు కింద పెట్టడమా ఎండలో పెట్టడమా అని అడిగితే, రెండు గంటల పనికి చెట్టు నీడ, నెలల తరబడి నిలిపి ఉంచే బండికి రేకుల షెడ్డు అంటాను. షెడ్డు లేనివారు కనీసం గోడకు తూర్పు వైపు నిలిపితే మధ్యాహ్నపు ఎండ నుంచి కొంత రక్షణ.

మూడోది దుమ్ము. దుమ్మంతా ఒకటి కాదు. రెబ్బెన, గోలేటి వైపు వెళ్లివస్తే బొగ్గు పొడి. దేవాపూర్ వైపు వెళ్తే సిమెంటు లారీల వెనక సిమెంటు పొడి. జైపూర్, రామగుండం దారిలో కరెంటు ప్లాంట్ల బూడిద. బొగ్గు పొడి నల్లగా కనిపించి భయపెడుతుంది గాని నీళ్లతో పోతుంది. సిమెంటు పొడి తెల్లగా అమాయకంగా కనిపిస్తుంది, అదే ప్రమాదం. రాత్రి మంచు పడితే ఆ తేమకు గట్టిపడి రాయి అవుతుంది, పైగా సున్నంలాంటి క్షార గుణం ఉన్నది. ఆ దారిన పోయి వచ్చిన రోజు రాత్రే ధారాళంగా నీళ్లు పోసి కడిగి పడుకోవాలి. తెల్లారి చూద్దాం అనుకోకూడదు. బూడిదలో గాజుపొడి వంటి రేణువులు ఉంటాయి. దాన్ని పొడిగుడ్డతో తుడిచారా, గీతలు ఖాయం.

ఇక పండుగలు. ఇది చెబితే కొందరికి కోపం రావచ్చు. దసరా నాడు బండికి పూజ చేయవద్దని నేను అనడం లేదు. మా ఇంట్లోనూ చేస్తాం. కాని తడి పసుపు, కుంకుమ బానెట్ మీద దిద్ది, మూడు రోజులు కడగకూడదని పట్టుబట్టడం వల్ల తెల్ల కారు మీద మరకలు పడతాయి. అంగట్లో దొరికే కుంకుమలో కలిపే రంగు అద్దకపు రంగులాంటిది. బొట్టు ముందు అద్దం మీద పెట్టండి. దేవుడు అద్దం మీద పెట్టినా చూస్తాడు. పూలదండ తీగతో కడితే ఆ తీగ గాలికి ఊగి గీతలు పెడుతుంది, నూలుదారంతో కట్టండి. కొబ్బరికాయ బంపరుకు కొట్టకుండా పక్కన రాయి మీద కొట్టి నీళ్లు చల్లండి. పెళ్లికి కారు ఎరవు ఇచ్చినప్పుడు మరింత జాగ్రత్త. పేర్లు రాసిన అట్టలు, పూలు అంటించిన టేపు బంక రెండు రోజుల ఎండకు మొండికేస్తుంది. దాన్ని గోరుతో గాని బ్లేడుతో గాని గీకవద్దు. కొబ్బరినూనె రాసి పావుగంట ఆగి మెల్లగా తుడిస్తే వస్తుంది. రోడ్డు పనుల దగ్గర చిమ్మిన తారు చుక్కలకు కూడా అదే వైద్యం. తర్వాత నూనె జిడ్డు పోయేట్టు షాంపూతో కడగాలి. పెట్రోలు పెట్టి తుడిస్తే తారుతో బాటు మెరుపు కూడా పోతుంది.

కోతుల గురించి ఏం చెప్పను? సైడు అద్దంలో తన మొహం చూసుకుని పోట్లాడే కోతికి ఏ పాలిషూ మందు కాదు. బండి ఆపగానే అద్దాలు మడవండి. మడవని రకమైతే పాత గుడ్డసంచి తొడగండి.

ఇప్పుడు కడగడం. నన్నడిగితే కారు రంగుకు జరిగే నష్టంలో ఎక్కువ భాగం ఎండ వల్ల కాదు, కడిగే పద్ధతి వల్లనే. ఎండలో నిలబెట్టి కారును దగ్గరగా చూడండి. సాలెగూడులాగా గుండ్రటి సన్నగీతలు కనిపిస్తాయి. అవి ఎవరో గీసినవి కావు, మనం ప్రేమగా తుడిచినవే. పొద్దున్నే పసుపు గుడ్డ పట్టుకుని, దుమ్ము మీద సరసరా తుడిచి, ఇంకా శుభ్రంగా లేదని మళ్లీ తుడుస్తాం. మన ఆఫీసు జీపుల డ్రైవర్ల దగ్గర నేర్చుకున్న విద్య. దుమ్ము మీద పొడిగుడ్డ పెట్టకూడదు. ఈ ఒక్కమాట గుర్తుంచుకుంటే నేను చెప్పిన మిగతావన్నీ మరిచినా పరవాలేదు.

నీడలో, బానెట్ చల్లబడ్డాక మొదలుపెట్టాలి. ముందుగా చెంబుతో గాని పైపుతో గాని నీళ్లు పోసి దుమ్మును దానంతట అదే జారిపోనివ్వాలి. తర్వాత రెండు బకిట్లు. ఒక దాంట్లో కారు షాంపూ కలిపిన నీళ్లు, ఇంకొక దాంట్లో మామూలు నీళ్లు. గుడ్డను షాంపూలో ముంచి ఒక తలుపు కడిగాక, మళ్లీ షాంపూలో ముంచే ముందు మంచినీళ్ల బకిట్లో జాడించాలి. సాయంత్రం ఆ బకిట్ అడుగున చేయి పెట్టి చూడండి, ఇసుక చేతికి తగులుతుంది. ఆ ఇసుక రెండో బకిట్ లేకపోతే ఎక్కడ తిరిగేదో ఆలోచించండి. పైకప్పు నుంచి కిందికి రావాలి. చక్రాలకు, కింది అంచులకు వాడిన గుడ్డ మళ్లీ పైకి పోకూడదు. గుడ్డ మైక్రోఫైబరుదైతే మంచిది. పాత బనీను చాలంటారు కొందరు. బనీను ఫరవాలేదు గాని బొత్తాలున్న పాత అంగీతో తుడిచేవారిని కూడా నేను చూశాను.

బట్టల సబ్బు, గిన్నెల సబ్బు వాడవద్దు. అవి జిడ్డును వదిలించేందుకు చేసినవి. కారు మీది మైనపు పూత కూడా వాటికి జిడ్డే. రెండు మూడు చుక్కల షాంపూ ఒక బకిట్‌కు చాలదు గాని ఒక మూత చాలు. సీసా ఏడాది వస్తుంది. కిరోసిను, డీజిలు పెట్టి తుడిస్తే నిగనిగలాడుతుందని ఒకప్పుడు అనేవారు. నిగనిగ ఒక పూట. ఆ జిడ్డుకు మధ్యాహ్నానికల్లా మొత్తం దుమ్మంతా అంటుకుంటుంది, రబ్బరు బీడింగులు పాడవుతాయి.

మన బోరు నీళ్లలో సున్నం ఎక్కువ. కడిగి అలాగే ఆరనిస్తే తెల్లటి చుక్కలు మిగులుతాయి. కుండ చుట్టూ పేరుకునే సున్నమే అది. అందుచేత కడిగిన వెంటనే ఆరిన మెత్తటి గుడ్డతో అద్ది తడి తీసేయాలి. ఇప్పటికే పడిన చుక్కలకు వెనిగరులో అంతే నీళ్లు కలిపి అద్ది, ఒక నిమిషం ఉంచి, ధారాళంగా నీళ్లు పోయండి. వాన కురిస్తే కారు కడిగినట్టే అనుకోవడం కూడా పొరపాటు. గంగాపూర్ జాతరకు పోయి వచ్చి, వాన పడిందిలే అని వదిలేసిన బండిని చూడండి, దుమ్ము పటం గీసినట్టు ఉంటుంది. వారానికి ఒకసారి కడగడం చాలు. రోజూ కడిగేవారు నీళ్లనూ రంగునూ రెంటినీ వృథా చేస్తున్నారు.

కవరు గురించి చాలామంది అడుగుతారు. మంచిదే, కాని దుమ్ము పట్టిన కారు మీద కవరు కప్పితే అది గాలికి కదిలినప్పుడల్లా గరుకు కాగితంలా పని చేస్తుంది. ప్లాస్టిక్ కవరు వద్దు. లోపల చెమ్మ పట్టి పూత బొబ్బలెక్కుతుంది. గాలి ఆడే గుడ్డ కవరు, కడిగి ఆరిన కారు మీద. అమెరికాలో పిల్లల దగ్గరికి ఆరు నెలలు వెళ్లేవారికి ఇది ముఖ్యం. వెళ్లేముందు కడిగి, మైనం పూసి, కవరు కప్పి, తాళం పక్కింటి వారికి ఇచ్చి వెళ్లండి.

మైనం, అదే వ్యాక్స్. దీని తయారీలో వాడే కార్నౌబా మైనం బ్రెజిల్ దేశంలోని ఒక తాటిజాతి చెట్టు ఆకుల మీద నుంచి వస్తుంది. ఎండకు చెట్టు తన ఆకును కాపాడుకునేందుకు తయారు చేసుకున్న పూత అది. మన ఎండలకు రెండు నెలలకు మించి నిలవదు. నీళ్లు పోస్తే ముత్యాల్లా జారితే ఉన్నట్టు, చాపలాగా పరుచుకుంటే పోయినట్టు. ఏడాదికి నాలుగుసార్లు, అందులో ఒకటి ఎండాకాలానికి ముందు, ఒకటి వానలకు ముందు తప్పనిసరి. ఒక గంట పని, అదీ మనకు వ్యాయామమే.

కొత్త కారు కొనేటప్పుడు షోరూములో టెఫ్లాన్ కోటింగు అని బిల్లులో కలిపే కాలం ఒకటుండేది. పెనం మీద టెఫ్లాన్ అంటుకోవాలంటే 350 డిగ్రీలకు అటూ ఇటూగా కాల్చాలి. కారును అలా కాలిస్తే రంగూ ఉండదు, కారూ ఉండదు. ఈనాడు సిరామిక్ కోటింగు వచ్చింది. ఇది నిజంగా పని చేసే వస్తువే. ఇసుకలో ఉండే సిలికాతో చేసిన పూత. రెట్ట, బంక త్వరగా పట్టవు, కడగడం సులువు. కాని దాని మందం ఒకటి రెండు మైక్రాన్లు. రాయి తగిలితే ఆపదు, కడిగే పద్ధతి చెడ్డదైతే గీతలూ ఆపదు. రాయిని ఆపేది 150 మైక్రాన్లకు పైబడిన పాలియురెథేన్ ఫిల్ము. అది చాలా ఖరీదు. నెలకు నాలుగుసార్లు మార్కెట్టుకు, ఒకసారి మంచిర్యాల ఆసుపత్రికి వెళ్లే మన చిన్నకారుకు ఇవి వేయించి, అమ్మేటప్పుడు ఆ డబ్బు తిరిగి వస్తుందనుకుంటే భ్రమ. కొనేవాడు దానికి వేరే ధర కట్టడు. ఖరీదైన నల్లరంగు కారు కొన్నవారు, ఇష్టమున్నవారు వేయించుకోండి. నేనైతే ఆ సొమ్ము షెడ్డు రేకులకు పెడతాను.

ఇక నా నష్టం సంగతి. 2012లో నేనూ, మా మిత్రుడొకరూ ఒకే నెలలో ఒకే మోడలు, ఒకే వెండి రంగు కార్లు కొన్నాం. ఆయన రేకుల షెడ్డు వేయించారు. నేను వేపచెట్టు ఉంది కదా అనుకున్నాను. ఆయన ఆదివారం పొద్దున రెండు బకిట్లు పెట్టుకుని కూర్చునేవారు. నేను ఒక పిల్లవాడికి నెలకింత అని ఇచ్చి రోజూ గుడ్డతో తుడిపించేవాణ్ని. పదేళ్లకు నా బండి కప్పు, బానెట్ మీద క్లియర్ కోటు పొలుసుల్లాగా లేచిపోయింది. అమ్ముదామనుకుని, ముందు అందంగా చేస్తే ధర వస్తుందని, బండికి మొత్తంగా రంగు వేయించాను. ముప్పయిరెండు వేలు అయింది. కొత్త పెళ్లికొడుకులా వచ్చింది. ఒప్పుకోవాలి, రెండు రోజులు నేనే అమ్మడం మానుకుందామనుకున్నాను.

కొనడానికి వచ్చిన అబ్బాయి జేబులోంచి అగ్గిపెట్టె అంత పరికరం తీసి తలుపుకు ఆనించాడు. రంగు మందం కొలిచే మీటరు. కంపెనీ రంగైతే 100, 120 చూపిస్తుందని చెప్పాను గదా. నా బండికి 250, ఒకచోట పుట్టీ మీద 600 చూపించింది. "సార్, మొత్తం రంగేసిండ్రు. బండి ఏడ గుద్దిండ్రు?" అన్నాడు. ఎక్కడా గుద్దలేదయ్యా, ఎండకు పోయింది అన్నాను. "అందరు గట్లనే అంటరు సార్" అన్నాడు. నలభై ఏళ్లు నిజాయితీగా ఉద్యోగం చేసి, ఒక కుర్రవాని ముందు అబద్ధీకునిలా నిలబడటం అదే మొదటిసారి. వాని తప్పు లేదు. యాక్సిడెంటును దాచడానికి రంగు వేసిన బండికీ, నా బండికీ మీటరు తేడా చెప్పదు. వెలిసిన రంగుతోనే అమ్మి ఉంటే వచ్చే ధరకంటే తక్కువకు పోయింది. ముప్పయిరెండు వేలు వేరుగా పోయాయి.

అది జరిగిన ఏడాదికి ఆ మిత్రుడు కాలం చేశారు. ఆయన భార్య ఫోను చేసి, "అన్నయ్యా, నాకు నడపరాదు, ఆ బండి అట్ల నిలబడితే చూడలేకపోతున్న, ఎవరికన్న ఇప్పియ్యిండ్రి" అన్నారు. అదే మీటరు, అదే ప్రశ్నలు. అన్ని తలుపుల మీదా 110 దాటలేదు. ఎడమ వెనక తలుపు ఒక్కటి 220. దానికి ఆమె బీరువాలోంచి ఒక కాగితం తీసి ఇచ్చారు. 2016లో గేటు తగిలి ఆ ఒక్క తలుపుకు రంగు వేయించిన బిల్లు. మిత్రుడు దాని వెనక తారీఖు, కారణం రాసి పెట్టారు, సర్వీసు బుక్కులో గుచ్చి. ఆ అబ్బాయి బిల్లు చదివి ఇంకేమీ అడగలేదు. నా బండికంటే అరవై వేలు ఎక్కువకు, నాలుగు రోజుల్లో పోయింది. ఆసుపత్రి బాకీ కొంత దానితో తీరింది. "ఆదివారం పూట బండి దగ్గర కూసుంటే చాయ్ సల్లారిపోతుందని కోపం చేసేదాన్ని అన్నయ్యా" అన్నారు ఆమె. నేనేమీ అనలేకపోయాను.

కాబట్టి చిన్న గీత పడితే ఆ ఒక్క పలకకే చేయించండి, బిల్లు దాచండి. రాయి తగిలి ఇనుము కనిపిస్తే మాత్రం ఆలస్యం వద్దు. శుభ్రం చేసి, టచప్ పెన్నుతో చుక్క పెట్టండి. అందంగా లేకపోయినా తుప్పు ఆగుతుంది. సన్నగీతకు ఇన్సూరెన్సు క్లెయిముకు వెళ్లేముందు లెక్క వేసుకోండి. రంగు సామగ్రి ఖర్చులో 50 శాతం తరుగు కింద కోస్తారు. పైగా క్లెయిము లేనివారికి 20 శాతంతో మొదలై 50 శాతం దాకా పెరిగే బోనసు ఉంది చూశారూ, అది ఒక్క క్లెయిముతో సున్నాకు వస్తుంది. కారు రంగే మార్చేస్తే ఆర్.సి.లో కూడా నమోదు చేయించాలి. లేకపోతే అమ్మేనాడు కాగితం ఒకటి, బండి ఒకటి.

అమ్మే ముందు చేయవలసింది తక్కువే. బాగా కడిగి, లోపల దుమ్ము దులిపి, మైనం పూయడం. హెడ్‌లైట్లు పచ్చబడితే పాలిష్ చేయించడం. అవి గాజు కావు, ప్లాస్టిక్. ఎండకు పసుపెక్కుతాయి. కొద్ది ఖర్చుతో బండి వయసు రెండేళ్లు తగ్గినట్టు కనిపిస్తుంది. చిన్న సొట్టలు, గీతలు ఉంటే ఉండనివ్వండి. కొనేవాడు చూసే ముందే మనమే చూపించాలి.

కాగితాల గురించి ఒక్కమాట. మన ఇళ్ల ముందు బండ్ల నంబర్లు చూస్తే జిల్లా చరిత్ర తెలుస్తుంది. ఏ.పి. 01 ఉంది, టి.ఎస్. 01 ఉంది, 2016లో మన జిల్లా ఏర్పడ్డాక టి.ఎస్. 20 వచ్చింది, 2024 నుంచి టి.జి. 20. ఏ నంబరైనా సరే, అమ్మినప్పుడు 29, 30 ఫారాల మీద సంతకాలు చేసి ఇచ్చేసి ఊరుకోకండి. పేరు మారిందాకా వెంటబడండి. ఆర్.టి.ఏ. రికార్డులో ఎవరి పేరుంటే యాక్సిడెంటు నష్టపరిహారానికి వారే బాధ్యులని 2018లో సుప్రీంకోర్టు చెప్పింది. బ్యాంకు లోను తీరిపోయినా హైపోథికేషన్ రద్దు చేయించనివారు మనలో చాలామంది ఉన్నారు, దానికి 35వ ఫారం. అది లేకుండా బండి పేరు మారదు.

హైదరాబాదు వెళ్లినప్పుడు చౌమహల్లా ప్యాలెస్‌లో పసుపుపచ్చ రోల్స్ రాయిస్ కారు చూడండి. 1912 నాటిది, నిజాముల సింహాసనపు కారు. నూరేళ్లు దాటినా రంగు చూస్తే ముచ్చటేస్తుంది. అది పెద్దగా నడవలేదు, నీడలో ఉంది, దాన్ని తుడవడానికి మనుషులున్నారు. మనకు మనమే ఉన్నాం.

ప్రశ్నలుంటే అడగండి. టీ కూడా వచ్చినట్టుంది. నేను కిటికీలోంచి చూస్తూనే ఉన్నాను, బయట చెట్టు కింద మన వాళ్లవి నాలుగు కార్లున్నాయి, పైకొమ్మ మీద ఆరు కాకులున్నాయి. తెల్ల కారు ఎవరిదో గాని, ఇప్పుడే పడింది. నా డిక్కీలో నీళ్ల సీసా ఉంది, ఇదిగో తాళం.